అర్ధరాత్రి అమ్మకు పలికేదెవరు?

బిడ్డ పుట్టాక కుంగిపోయే తల్లులకు తోడుగా చాట్‌బాట్లు వస్తున్నాయి. వాటితో మేలెంత, ముప్పెంత? ఆంధ్ర, తెలంగాణ సరిహద్దులోని తిరువూరు లాంటి ఊళ్లో అవి ఎంతవరకు అక్కరకొస్తాయి? ఈవారం ముఖచిత్ర కథనం.

తిరువూరులో ఇవాళ కుల ధ్రువీకరణ పత్రం కావాలన్నా, కరెంటు బిల్లు కట్టాలన్నా ఆఫీసుకే వెళ్లాలని లేదు. వాట్సాప్‌లో ‘హాయ్’ అని పంపితే ఏం కావాలో అదే అడుగుతుంది. 2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 161 సేవలతో మొదలుపెట్టిన ‘మన మిత్ర’ కూడా ఓ చాట్‌బాటే. ఆ పేరు తెలియని ఇంట్లో కూడా ఎవరో ఒకరు దానితో మాట కలిపే ఉంటారు.

కాగితాలిచ్చే యంత్రం ఓదార్పు కూడా ఇవ్వగలదా? ఇరవై రోజుల బాలింత రాత్రి రెండింటికి బిడ్డను భుజాన వేసుకుని తిరుగుతూ, ఎందుకో తెలియకుండా కన్నీళ్లు కారుస్తుంటే, ఆ వేళప్పుడు ఎవరిని లేపాలో తోచక ఫోన్ తీస్తే, అది ఏమంటుంది? అమెరికా నుంచి బెంగళూరు దాకా పరిశోధకులు కొన్నేళ్లుగా ఈ ప్రశ్న మీదే పనిచేస్తున్నారు. వాళ్లకు దొరికిన జవాబుల్లో ఆశ ఉంది, హెచ్చరికా ఉంది.

‘పండంటి బిడ్డను పెట్టుకుని ఏడుపేంటే?’

కాన్పయిన మూడో రోజో నాలుగో రోజో తల్లికి ఊరికే ఏడుపు రావడం, చిరాకు, దిగులు మామూలే. సగానికి పైగా తల్లుల్లో కనిపించే ఈ స్థితిని డాక్టర్లు బేబీ బ్లూస్ అంటారు. కాన్పుతో హార్మోన్లు ఒక్కసారిగా పడిపోతాయి, దానికి నిద్రలేమి తోడవుతుంది. కాస్త విశ్రాంతి, ఇంట్లోవాళ్ల ఆదరణ దొరికితే రెండు వారాల్లో దానంతటదే సర్దుకుంటుంది.

రెండు వారాలు దాటినా దిగులు వదలకపోతే, బిడ్డ పడుకున్నా తల్లికి నిద్రపట్టకపోతే, బిడ్డను చూసినా మనసు చలించకపోతే అది ప్రసవానంతర కుంగుబాటు. ఏడాదిలోపు ఎప్పుడైనా మొదలుకావచ్చు. దేశవ్యాప్తంగా జరిగిన 38 అధ్యయనాలను, ఇరవై వేల మంది తల్లుల వివరాలను కలిపి చూసిన ఓ పరిశీలన 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వచ్చింది. దాని ప్రకారం దేశంలో నూటికి 22 మంది తల్లులది ఈ బాధే. దక్షిణాదిలో ఇంకా ఎక్కువ, నూటికి 26 మంది. అంటే నలుగురు బాలింతల్లో ఒకరు.

మూడోది అరుదు, కానీ అన్నిటికన్నా ప్రమాదకరం. వెయ్యి కాన్పుల్లో ఒకరిద్దరికి వచ్చే సైకోసిస్‌లో తల్లికి లేని మాటలు వినిపిస్తాయి. బిడ్డ గురించి వింత అనుమానాలు పుడతాయి. రోజుల తరబడి కునుకుండదు. మన ఊళ్లలో దీన్ని ‘గాలి సోకింది’ అని భూతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్లడం ఇప్పటికీ ఉంది. నిజానికి గుండెపోటుకు ఎంత తొందరపడతామో దీనికీ అంత తొందరపడాలి.

కారణాలు ఒంట్లోనే ఉండవు. గోవాలో సైకియాట్రిస్టు విక్రమ్ పటేల్ బృందం 252 మంది తల్లులను చూస్తే 23 శాతం మందిలో కుంగుబాటు కనిపించింది. డబ్బుకు కటకట, భర్తతో పొసగకపోవడం, మగబిడ్డ కావాలనుకున్న ఇంట ఆడపిల్ల పుట్టడం ముప్పును పెంచాయని 2002లో వాళ్లు ప్రకటించారు. ‘మళ్లీ ఆడపిల్లేనా’ అన్న ఒక్క మాట పురిటి మంచం మీద ఎంత పనిచేస్తుందో మన ఆడవాళ్లకు ఏ అధ్యయనమూ చెప్పనక్కర్లేదు.

బిడ్డకు తూకం ఉంది, తల్లికి?

మన దగ్గర కాన్పు తర్వాతి ఏర్పాట్లకు కొదవలేదు. ఆసుపత్రి నుంచి తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ ఇంటిదగ్గర దింపుతుంది. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డ కోసం ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆరుసార్లు ఇంటికి రావాలి. వచ్చినప్పుడు బిడ్డను సంచిలో వేసి తూస్తుంది. జ్వరం చూస్తుంది. వాచీ పట్టుకుని నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెడుతుంది. బొడ్డు, చర్మం, కళ్లు చూస్తుంది. తల్లిని జ్వరం, రక్తస్రావం, పాలు పడటం గురించి అడుగుతుంది. ఇవన్నీ ప్రాణాలు నిలబెట్టే పనులే. కానీ పక్కనే అత్తగారో అమ్మో కూర్చుని ఉండగా ‘నీ మనసెలా ఉందమ్మా?’ అని అడగడానికి ఆ పది నిమిషాల్లో చోటు దొరకడం కష్టం.

మన ఆచారం తెచ్చే చిక్కు ఇంకోటుంది. తొలి కాన్పు పుట్టింట్లో జరుగుతుంది. తిరువూరు దాటితే ఖమ్మం జిల్లా. సత్తుపల్లి, కల్లూరు వైపు సంబంధాలు కలుపుకోవడం ఇక్కడ మామూలే. తెలంగాణ కోడలు పురిటికి ఆంధ్రలోని పుట్టింటికొస్తుంది, మూడో నెలలోనో ఐదో నెలలోనో అత్తింటికి వెళ్తుంది. నూనె రాసి వేన్నీళ్లు పోసే అమ్మ, అమ్మమ్మ ఇక్కడే ఉండిపోతారు. అప్పటికి ఆశా రాకపోకల 42 రోజులు ఎప్పుడో అయిపోయి ఉంటాయి. అక్కడి ఆశాకు ఈ కోడలి కాన్పు కబురు అందిందో లేదో! చేదోడు తగ్గి, చాకిరీ పెరిగే ఆ నెలల్లోనే ఆమెను కనిపెట్టుకుని ఉండేవాళ్లు కరువు. రాష్ట్రం మారినా, ఇల్లు మారినా ఆమె వెంట వెళ్లేది ఫోన్ ఒక్కటే.

దీనికితోడు 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే, తెలంగాణలో 60.7 శాతం. కుట్లు మానని ఒంటితో లేచి కూర్చోవడమే కష్టమైన మనిషి, దిగులుగా ఉందని విజయవాడలోని సైకియాట్రిస్టు దగ్గరికి ఎన్నో కిలోమీటర్లు బస్సెక్కి వెళుతుందా? వెళ్లదు. అందుకే ఫోన్‌లో దొరికే సాయాన్ని కొట్టిపారేయలేం.

యంత్రం ఏం మాట్లాడుతుంది?

మనిషి గోడు వినే యంత్రం నిన్నమొన్నటిది కాదు. అమెరికాలోని ఎంఐటీలో జోసెఫ్ వైజెన్‌బామ్ 1966లోనే ‘ఎలీజా’ అనే ప్రోగ్రామ్ రాశారు. మనం అన్న మాటనే ప్రశ్నగా తిప్పి అడగడం తప్ప దానికేమీ తెలియదు. అయినా జనం దానికి మనసు విప్పడం చూసి రాసినాయనే కంగుతిన్నారు.

2017లో మనస్తత్వ శాస్త్రవేత్త అలిసన్ డార్సీ తెచ్చిన ‘ఊబాట్’ అంతకంటే పద్ధతి గలది. కౌన్సెలింగ్‌లో వాడే సీబీటీ అనే పద్ధతిని నిపుణులు ముందే రాసిపెట్టిన సంభాషణలుగా అందించింది. ఆ పద్ధతి ఎలా నడుస్తుందో తెలియడానికి ఇక్కడో ఉదాహరణ అల్లి చూద్దాం.

‘పాప ఏడుపు ఆపలేకపోతున్నా. నేను అమ్మగా పనికిరాను’ అని తల్లి రాసిందనుకోండి.

‘పాప ఏడవడం జరిగిన సంగతి. పనికిరాను అన్నది మీకొచ్చిన ఆలోచన. రెండూ విడదీసి చూద్దామా? ఇవాళ పాపకు ఏమేం చేశారు?’

‘పాలిచ్చా. గుడ్డలు మార్చా. రాత్రంతా భుజాన వేసుకుని తిరిగా.’

‘ఇవన్నీ చేసి మీ చెల్లెలు పనికిరానంటే మీరేమంటారు?’

‘పిచ్చిదానా, ఇంకేం చేయాలే అంటా.’

‘ఆ మాటే ఒకసారి మీకు మీరు చెప్పుకోండి.’

ఇందులో మంత్రమేమీ లేదు. చీకటి ఆలోచనను పట్టుకుని, అది నిజమో కాదో తల్లి చేతే తేల్పించడం, అంతే. కాకపోతే ఈ మాట అనడానికి రాత్రి రెండింటికి మేలుకుని ఉండేవాళ్లు కావాలి. విసుక్కోకుండా, ‘మేం కనలేదా?’ అనకుండా వినేవాళ్లు కావాలి. యంత్రానికున్న బలం అదే. దాని ముందు సిగ్గుపడనక్కర్లేదు, అది వీధిలో చెప్పదు.

ఫలితం ఎంత? అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో కాన్పయిన 192 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు ఊబాట్ ఇచ్చి ఆరు వారాలు చూశారు. 2023లో వచ్చిన ఆ ఫలితాల్లో వాడినవారి కుంగుబాటు స్కోరు కాస్త ఎక్కువగా తగ్గింది. మేలు ఉంది, కానీ స్వల్పం. బెంగళూరులో జో అగర్వాల్, రమాకాంత్ వేంపాటి దంపతులు మొదలుపెట్టిన ‘వైసా’ అనే పెంగ్విన్ బొమ్మ యాప్ మీద కూడా అదే ఏడాది ఓ అధ్యయనం వచ్చింది. గర్భిణులు, బాలింతల్లో దాన్ని ఎక్కువగా వాడినవారికి తక్కువ వాడినవారికంటే ఊరట ఎక్కువ దక్కింది. రెండు పరిశోధనల్లోనూ ఆయా కంపెనీలవాళ్ల చేయి ఉందని మనం గుర్తుంచుకోవాలి.

ఊబాట్ కథకు ముగింపు కూడా చెప్పాలి. ప్రసవానంతర కుంగుబాటు చికిత్స కోసం తయారుచేసిన దాని ప్రత్యేక రూపానికి 2021లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ‘బ్రేక్‌త్రూ’ హోదా ఇచ్చింది. కానీ అది బజారులోకి రానేలేదు. ఊబాట్ యాప్‌నే 2025 జూన్ 30న మూసేశారు. అనుమతుల ఖర్చు భరించలేకపోవడం ఒక కారణమని కంపెనీ చెప్పింది. జాగ్రత్తగా రాసిన యంత్రం అలా వెళ్లిపోతే, తోచింది మాట్లాడే కొత్తతరం ఏఐ చాట్‌బాట్లు ప్రతి ఫోన్‌లోకీ ఏ అనుమతీ లేకుండా వచ్చేశాయి.

తలూపే నేస్తం

ఈ కొత్తవాటి తెలుగు బాగానే ఉంటుంది. ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాసినా అర్థం చేసుకుంటాయి. కానీ వాటిని తయారుచేసింది మానసిక చికిత్స కోసం కాదు. ఎదుటి మనిషికి నచ్చేలా మాట్లాడటం వాటి స్వభావం. ఓదార్పు కావాల్సినప్పుడు అది మంచిదే. ‘నేను లేకపోతేనే వీళ్లంతా సుఖంగా ఉంటారు’ అన్న మాట వచ్చినప్పుడు తలూపే నేస్తం ప్రమాదం. ఆ మాట వినగానే మనిషైతే లేచి చేయి పట్టుకుంటాడు, ఇంట్లోవాళ్లను పిలుస్తాడు. యంత్రం పక్క గదిలోని భర్తను లేపలేదు.

ఇది ఊహించుకున్న భయం కాదు. చాట్‌జీపీటీని వారంలో వాడే 80 కోట్ల మందిలో 0.15 శాతం మంది సంభాషణల్లో ఆత్మహత్య ఆలోచనల స్పష్టమైన ఛాయలున్నాయని దాన్ని తయారుచేసిన ఓపెన్‌ఏఐ సంస్థే 2025 అక్టోబరులో చెప్పింది. లెక్కేస్తే వారానికి పది లక్షలకు పైగా మనుషులు! అమెరికాలోని ఇల్లినాయిస్ రాష్ట్రమైతే మానసిక చికిత్సను ఏఐ సొంతంగా చేయకూడదని అదే ఏడాది ఆగస్టులో చట్టం తెచ్చింది.

మన తల్లులు బాధ చెప్పుకునే తీరు వేరు. ‘నాకు డిప్రెషన్’ అని ఎవరూ అనరు. తల బరువంటారు, నరాలు లాగేస్తున్నాయంటారు, గుండె దడ, అన్నం సయించట్లేదంటారు. యంత్రం తలనొప్పికి చిట్కా చెప్పి ఊరుకుంటే అసలు సంగతి మరుగున పడుతుంది. అలాగని ఒంటి బాధలన్నీ మనసువే కావు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో 15-49 ఏళ్ల మహిళల్లో 58.8 శాతం మందికి రక్తహీనత. కాన్పు తర్వాత కొందరికి థైరాయిడ్ తేడా చేస్తుంది. ఈ రెండూ నీరసం, దిగులు తెచ్చేవే. వాటిని పట్టేది రక్తపరీక్ష. చాట్‌బాట్ ఎన్ని కబుర్లు చెప్పినా హిమోగ్లోబిన్ పెరగదు.

అసలు ఫోన్ ఎవరిది? ఆ సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో సొంతంగా వాడుకునే మొబైల్ ఉన్న ఆడవాళ్లు 48.9 శాతమే. ఇంటర్నెట్ ఎప్పుడైనా వాడినవాళ్లు 21 శాతం, మగవాళ్లలో అది 48.8 శాతం. తర్వాత పెరిగినా, చాలా ఇళ్లలో ఫోన్ భర్తదో తమ్ముడిదో. అత్తింటి గురించి రాసుకున్న గోడు అందరూ చూసే ఫోన్‌లో ఉండిపోతే, ఓదార్పు కాస్తా తగువవుతుంది. ఇక కంపెనీ సర్వర్లలో ఆ మాటలు ఏమవుతాయన్నది ఇంకో ప్రశ్న. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది గానీ, ‘అంగీకరిస్తున్నా’ అని నొక్కేముందు ఆ షరతులు చదివే ఓపిక ఏ బాలింతకుంటుంది?

రావల్పిండి చూపిన దారి

అయితే యంత్రం, లేకపోతే డాక్టర్ అని తేల్చుకోవాల్సిన పని లేదు. మధ్యలో ఓ దారి ఉంది. దాన్ని చూపినవి పాకిస్తాన్ పల్లెలు. సైకియాట్రిస్టు ఆతిఫ్ రహ్మాన్ రావల్పిండి జిల్లాలో మన ఆశాల్లాంటి లేడీ హెల్త్ వర్కర్లకు సీబీటీలోని కిటుకులు నేర్పించారు. వాళ్లు సైకియాట్రీ చదివినవారు కాదు, ఆ ఊళ్ల ఆడవాళ్లే. రోజూ తిరిగే ఇళ్లకే వెళ్లి, బిడ్డ ఆరోగ్యం పేరుతో మాట కలిపి, తల్లి ఆలోచనలను మెల్లగా మళ్లించారు. కాన్పయిన ఆరు నెలలకు చూస్తే ఈ శిక్షణ లేని కార్యకర్తలు వెళ్లిన తల్లుల్లో 53 శాతం మంది ఇంకా కుంగుబాటులోనే ఉన్నారు. శిక్షణ పొందినవాళ్లు వెళ్లిన ఇళ్లలో అది 23 శాతమే. 2008లో ‘లాన్సెట్’ పత్రికలో వచ్చిన ఈ ఫలితాలు చూశాక ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ పద్ధతిని ‘థింకింగ్ హెల్దీ’ పేరుతో 2015లో చేతిపుస్తకంగా తెచ్చింది. గోవాలో ‘సంగత్’ సంస్థ తోటి తల్లుల చేత దాన్ని నడిపించి చూసింది.

ఈమధ్య ఆతిఫ్ రహ్మాన్ బృందం ఇంకో అడుగు వేసింది. పాఠం చెప్పే పని తెర మీది బొమ్మకు అప్పగించి, పక్కన తోటి తల్లిని కూర్చోబెట్టింది. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్త చేసినదానికి ఇది తీసిపోలేదు. పాఠం దారి తప్పకుండా యంత్రం చూసుకుంటే, కన్నీళ్లు చూసి చేయి పట్టుకునే పని మనిషి చేసింది. మనకు కావాల్సిన నమూనా ఇదే.

మన దగ్గర ఇందుకు ముడిసరుకంతా ఉంది. కేంద్రం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్‌కు 14416 నంబర్‌పై రాత్రీపగలూ ఉచితంగా ఫోన్ చేయొచ్చు. తెలుగులో మాట్లాడతారు. తిరువూరు నుంచి చేసినా, సత్తుపల్లి నుంచి చేసినా నంబర్ ఒకటే. విజయవాడ ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో తల్లినీ బిడ్డనూ కలిపే చేర్చుకునే వార్డు 2009 నుంచి నడుస్తోంది. చికిత్స కోసం చేరిన తల్లి నుంచి మూడేళ్లలోపు బిడ్డను మామూలుగా వేరు చేయకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. పాలిచ్చే తల్లులకు డాక్టర్లు రాయగల మందులూ ఉన్నాయి. లేనిదల్లా వీటిని కలిపే దారం.

ఆ దారం పేనడం పెద్ద ఖర్చు కాదు. 1987లో బ్రిటన్‌లో తయారైన ఎడిన్‌బరో ప్రశ్నావళిలో ఉన్నవి పదే ప్రశ్నలు. గడిచిన వారం రోజుల్లో నవ్వగలిగారా, కారణం లేకుండా భయపడ్డారా, మిమ్మల్ని మీరే నిందించుకున్నారా అని అడుగుతూ వెళ్లి, పదో ప్రశ్న తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచన దగ్గర ఆగుతుంది. ఈ తరహా ప్రశ్నలను ఆశా 14వ రోజున, 42వ రోజున తల్లిని ఒంటరిగా కూర్చోబెట్టి అడగాలి. పుట్టింటి నుంచి వెళ్లిపోయాక ‘మన మిత్ర’ లాంటి చాట్‌బాటే మూడో నెలలో, ఆరో నెలలో గొంతుతో పలకరించాలి. చదువు రానివాళ్లకూ అప్పుడే అందుతుంది. జవాబులు తేడాగా ఉంటే చాట్‌బాట్ కబుర్లు ఆపి, ఆ తల్లి ఒప్పుకుంటే ఏఎన్‌ఎంకు కబురు పెట్టాలి, 14416కు కలపాలి. కేరళలో ‘అమ్మ మనస్సు’ పేరుతో ఆరోగ్య కార్యకర్తలే తల్లుల మనసు ఆరా తీస్తున్నారు. మనకు చేతకాదా?

ఇవి కనిపిస్తే ఆలస్యం వద్దు

• రెండు వారాలు దాటినా తగ్గని ఏడుపు, దిగులు. బిడ్డ పడుకున్నా పట్టని నిద్ర. ఏఎన్‌ఎంకు చెప్పండి, డాక్టర్‌ను కలవండి. రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలు అడగండి.

• చనిపోవాలనో, బిడ్డకు హాని చేయాలనో ఆలోచనలు; లేని మాటలు వినిపించడం; వింత అనుమానాలు. ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. 108కి ఫోన్ చేయండి. తల్లినీ బిడ్డనూ ఒంటరిగా వదలకండి.

• చాట్‌బాట్ వాడుతుంటే పేరు, ఊరు, ఆధార్, ఫొటోలు ఇవ్వకండి. మందుల మోతాదు దాన్ని అడగకండి. అది చెప్పిందని వాడుతున్న మందు ఆపకండి.

• తండ్రులకూ కుంగుబాటు వస్తుంది, పది మందిలో ఒకరికి. వాళ్లూ 14416కు ఫోన్ చేయొచ్చు.

ముందు ఇంట్లోవాళ్లు

చాట్‌బాట్‌ను నెత్తిన పెట్టుకోనక్కర్లేదు, తరిమికొట్టనూ అక్కర్లేదు. గడియ వేసిన ఇంట్లో అర్ధరాత్రి గుండె బరువు దింపుకోవడానికి అది పనికొస్తుంది. చికిత్స మాత్రం దాని పని కాదు. కానీ తల్లి దాని దగ్గరికి వెళ్లిందంటే, ఇంట్లో చెప్పుకునే వీలు లేకనే వెళ్లిందని ఇంటిల్లిపాదీ తెలుసుకోవాలి. బాలింతకు పథ్యం వండిపెట్టే శ్రద్ధలో కొంత ఆమె మాట వినడానికి పెట్టండి. భర్తలు రాత్రి ఒక్క పూటైనా బిడ్డను ఎత్తుకోండి, ఆమెకు నాలుగు గంటలు ఏకధాటిగా నిద్రపోయే వీలు కల్పించండి. మీ ఇంట్లోనో, మీ వీధిలోనో బాలింత ఉంటే ఈరోజే వెళ్లి పలకరించండి. బిడ్డ బరువెంతని అడిగే ముందు, ‘నువ్వెలా ఉన్నావమ్మా?’ అని అడగండి. జవాబు విన్నాక భయమేస్తే 14416కు మీరే ఫోన్ చేయండి.